మూడో బస్సుకి జిగురు పట్టింది

బయలుదేరిన రోజు

మొన్నటి పోటుకి సముద్రపు గోడలో పడిన గండి ఇంక పూడదని తేలిపోయింది. మెట్టవీధి జనాన్ని కొండమీద సన్నగెడ్డకి చేర్చే పని మా మూడు బస్సులకి పడింది. ముందు ఎర్రినాయుడి బస్సు, మధ్య గౌరీసుది, చివర నాది. ఈ మూడు బస్సుల వరసకి పెద్ద నాయుడే. దారిలో ఆయన మాటే చట్టం.

ఎక్కేముందు రబ్బరు అప్పగింత జరిగింది. సున్నపు గొయ్యి చుట్టూ జనం నిలబడి, ఇంకా ఎక్కడెక్కడో దాచుకున్నవన్నీ అందులో వదిలేశారు. కుక్కరు మూత రింగు, జడకి వేసుకునే సాగే బ్యాండు, చేతికర్ర అడుగున తొడిగే బుడిపె. ఒకావిడ పెళ్ళినాటి హవాయి చెప్పుల జతని గోతిలో వేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎవరూ నవ్వలేదు. ఎప్పుడో పాత టైర్ల గుట్టల్ని తినిపించడానికి పెంచిన పురుగు, గుట్టలు అయిపోయాక కూడా తినడం మానలేదు. అది కంటికి కనిపించదు. అది పట్టిన రబ్బరు చివరికి జిగురై కారిపోతుంది కాబట్టి దాన్ని కూడా మేము జిగురనే అంటాం. చేతుల మీదుగా వస్తుంది, పనిముట్ల మీదుగా వస్తుంది, గుడ్డల మీదుగా వస్తుంది.

టైర్లు పోయి ఇనుప చక్రాలు వచ్చాయి. వైర్లకి లక్క పూసిన గుడ్డ వచ్చింది. కప్లింగు బదులు మాత్రం ఇంకా ఏదీ రాలేదు. మోటారు నుంచి వచ్చే షాఫ్టుకీ చక్రాలకి వెళ్ళే షాఫ్టుకీ మధ్య అన్నం పళ్ళెమంత రబ్బరు బిళ్ళ అది. ఇటు షాఫ్టుకి మూడు బోల్టులు, అటు షాఫ్టుకి మూడు. ఇనుప చక్రం రాయెక్కి దిగినప్పుడల్లా పుట్టే జెర్కుని ఆ బిళ్ళ మింగేస్తుంది. అది లేకపోతే దెబ్బ తిన్నగా గేరు పళ్ళకి తగులుతుంది. ఘాట్ రోడ్డులో గేరు పళ్ళు విరిగితే బస్సు ముందుకి పోదు, వెనక్కి పోతుంది.

బండి తీసేముందూ ఆపాకా నేనూ పైడిరాజు మావా సున్నపు నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కుని కప్లింగు చూస్తాం. మావ నాకు వరసకి మావ కాదు, ఈ బస్సు మెకానిక్కు. నేను స్టీరింగు పట్టకముందు నుంచీ దీని కిందే దొర్లుతున్నాడు. ఇవాళ కప్లింగు నల్లగా, పొడిగా ఉంది.

"బాగున్నాది తల్లీ, రాసుకో," అన్నాడు మావ. రాసుకున్నాను.

రెండో రోజు, కొండ మొదట్లో

మధ్యాహ్నం నుంచీ బస్సు నడకలో తేడా వచ్చింది. యాక్సిలేటరు తొక్కాక బండి కదలడానికి ఒక్క క్షణం ఆలస్యం. ఆ వెంటనే నా పాదాల కింద మెత్తటి తట్టు. వెనకాల ఎవరికీ తెలియలేదు. ముందు సీట్లో ఉన్న నర్సు దమయంతి మాత్రం నా మొహం చూసింది. మెట్టవీధి పిల్లల్లో సగంమంది ఆమె చేతుల మీదే పుట్టారు. సన్నగెడ్డలో పురిటి గది తెరుస్తానని మాతో వస్తోంది.

"ఏమైంది సన్యాసమ్మా, అలా చెమటలు పడుతున్నాయి?"

"రోడ్డు బాగులేదమ్మా," అన్నాను.

కొండ మొదట్లో మజిలీ. అక్కడంతా పనస చెట్లే. కోసేవాళ్ళు లేక పళ్ళు కిందపడి కుళ్ళుతున్నాయి. జిగురు పట్టిన రబ్బరుదీ అచ్చం మగ్గిన పనసపండు వాసనే. ఊపిరి పీల్చిన ప్రతిసారీ బస్సు వైపే చూస్తున్నాను. మావ వేపపుల్లా స్పానరూ పట్టుకుని బస్సు కిందకి దూరాడు. చాలాసేపటికి బయటికి వచ్చి, నా వైపు చూడకుండా పుల్లని నిప్పులో పడేశాడు.

"అంచు మీద మెరుపున్నాది," అన్నాడు మెల్లగా.

"తడేమో మావా."

"తడే అయ్యుండొచ్చు."

ఇద్దరం అబద్ధం ఆడుతున్నామని ఇద్దరికీ తెలుసు. జిగురు పట్టిన బస్సుని ఉన్నచోటే వదిలేయాలన్నది రూలు. అందులో జనం మిగతా బస్సులు ఎక్కకూడదు, వాళ్ళ సామాను ముట్టుకోకూడదు. కాలినడకన రావాలి, సన్నగెడ్డ గేటు బయట దొడ్లో ఉండాలి. పోయిన వేసవిలో ఇంకో వరసలో ఒక బస్సుని అలా వదిలేశారు. నేను దాని పక్కనుంచే బస్సు పోనిచ్చాను. కిటికీల్లోంచి మొహాలు మమ్మల్ని చూశాయి. ఒక్కరూ పిలవలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు అక్కడే ఉంది, తలుపు తెరిచి. కిందికి దిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"పొద్దున్న ఇంకోపాలి సూద్దాం. అప్పుడు నాయుడుకి సెప్దాం," అన్నాడు మావ.

నేను తలూపాను.

మూడో రోజు

లేచేసరికి గౌరీసు మా బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో మావ స్పానరు.

"పడుకున్నారు కదా, లేపడం ఎందుకని అడక్కుండా పట్టుకెళ్ళినాను. మా కప్లింగు బోల్టులు వదులైపోనాయి. బిగించీసినాను. ఇదిగో," అని నాకు అందించబోయాడు.

ఆ స్పానరుతోనే మావ నిన్న సాయంత్రం మా కప్లింగు మీద పనిచేశాడు. మావ బస్సు కిందనుంచి తల బయటికి పెట్టాడు. చేతిలో పుల్ల, దాని చివర తీగలా సాగుతున్న నల్లటి జిగురు. నాకు అడగాల్సిన పని లేకపోయింది.

"గౌరీసూ, అది కింద పడీ. దేన్నీ ముట్టుకోకు. మాకు పట్టినాది," అన్నాను.

గౌరీసు స్పానరు వదిలేసి తన అరచేతుల్ని చూసుకున్నాడు. నాకంటే చిన్నవాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. చేతులు ఒంటికి దూరంగా పెట్టుకుని, అలాగే నడుచుకుంటూ నాయుడి దగ్గరికి వెళ్ళాడు.

నాయుడు వచ్చి రోడ్డుకి అవతలే ఆగిపోయాడు.

"ఎప్పుడు తెలిసినాది?"

"నిన్న సాయంత్రం అనుమానమొచ్చింది."

"నిన్న," అన్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

నాయుడు గౌరీసు బస్సు కప్లింగుని సున్నపు నీళ్ళతో కడిగించాడు. అది నల్లగా, పొడిగానే ఉంది. రూలు ప్రకారం దాన్నీ వదిలేయాలి. వదలలేకపోయాడు. మూడు బస్సులకీ కలిపి ఉన్న ఒక్క స్పేరు కప్లింగు ఆయన దగ్గర సీలు వేసిన డబ్బాలో ఉంది. అది మాకిమ్మని అడిగాను.

"మీ షాఫ్టుల నిండా అదే ఉన్నాది కదా. ఏసిన పూటకే తినీసుద్ది. తరవాత నా బండికి గానీ గౌరీసు బండికి గానీ ఏటైనా అయితే?"

బియ్యం, రెండు డ్రమ్ముల నీళ్ళు రోడ్డు పక్కన దింపించాడు. గేటు దగ్గర చెప్తానన్నాడు. చెప్పినంత మాత్రాన ఎవరూ రారని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. రెండు బస్సులూ మలుపు తిరిగి కనుమరుగయ్యాయి. వాటి చక్రాల చప్పుడు మాత్రం కొండ మీద నుంచి చాలాసేపు వినిపించింది. తూర్పున సముద్రం మీద మబ్బు సీసంలా చిక్కబడుతోంది. వాన పడితే ఈ ఘాట్ మీద బండలు జారతాయి. నా బస్సులో కొండెక్కి నడవగలిగిన వాళ్ళు సగం కూడా లేరు.

మావ జనాన్ని దింపి, ఉన్న సంగతి చెప్పాడు. "మా సేతులు కడుక్కునే ముట్టినాం. ఇది మీలో ఎవులి దగ్గర నుంచో వొచ్చింది. అదింకా బస్సులోనే ఉంటే తీసీయండి. నానేటీ అనను."

దమయంతి తన సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసింది. విప్పుతుంటే గుడ్డ మడతలు ఒకదానికొకటి అతుక్కుని సాగాయి. పుట్టిన బిడ్డ నోట్లోంచి ఉమ్మనీరు లాగే రబ్బరు బుడ్డి అది. ఇప్పుడు దానికి ఆకారం లేదు.

"నిన్నటిదాకా బాగానే ఉంది. ఊపిరి అందక నీలంగా మారిన బిడ్డని నువ్వెప్పుడైనా చేతిలో పట్టుకున్నావా సన్యాసమ్మా? ఇదొక్కటే మిగిలింది నాకు. గోతిలో వేయలేకపోయాను," అంది. ఆ గుడ్డలోంచి ఆమె చించి ఇచ్చిన ముక్కతోనే మొదటి రోజు మావ చేతులు తుడుచుకున్నాడు. ఆ సంగతి ఆమెకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. మొహం పాలిపోయింది.

"గొయ్యి కాడ నిలబడి మాకందరికీ సెప్పింది నువ్వే కదా, ఏటీ దాచుకోకండని," అన్నాడు అప్పలసామి. భారీ మనిషి, రేవులో బస్తాలు మోసేవాడు. వెంట ముసలి తల్లి ఉంది. "మా అమ్మ ఈ కొండ నడిసెక్కుద్దా? సెప్పు. ఎక్కుద్దా?"

అంటూనే కాలి చెప్పు తీసి దమయంతి మీదికి విసిరాడు. నేను అడ్డం వెళ్ళాను. చెప్పు నా భుజానికి తగిలి బస్సు రేకు మీద పడింది. అతని వెనక ఇంకా నలుగురు లేచారు. ఆ కళ్ళు చూస్తే, జిగురుకంటే నాకు వాళ్ళంటేనే ఎక్కువ భయం వేసింది. దమయంతిని నా వెనక్కి లాక్కుని, బస్సు తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను.

మావ మాత్రం వంగి ఆ చెప్పు తీశాడు. అటూ ఇటూ విరిచాడు. గేదె తోలు, మూడు పొరలు కుట్టిన అడుగు. మళ్ళీ విరిచాడు.

"అప్పలసామీ, ఇది ఎవులు కుట్టినారు?"

అంత కోపంలో ఉన్న మనిషికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "నానే," అన్నాడు.

"రొండో సెప్పు కూడా ఇయ్యి. అందరూ ఇయ్యండి. ఇది తోలు. జిగురు దీన్ని తినదు."

గుండ్రటి బిళ్ళ కోసేంత తోలు ఎవరి దగ్గరా లేదు. మావ నేలమీద గీసి చూపించాడు. ఒక బోల్టు నుంచి పక్క బోల్టుకి ఒక తోలు పట్టీ, అక్కడినుంచి ఇంకో బోల్టుకి ఇంకో పట్టీ, అలా చుట్టూ ఆరు. ఒక్కో పట్టీ బొటనవేలంత మందాన పొరలు పొరలుగా. పూర్వం బండ్లకి ఇలాంటివి వేసి చూశారట. సాగిపోతున్నాయని, నాలుగు కోసుల దూరం పోతే తెగిపోతున్నాయని మానేశారట.

"తెగితే?" అన్నాను.

"తెగితే మళ్ళీ ఏసుకుందాం. సెప్పులున్నంత దూరం పోదాం."

అప్పలసామి కత్తి తీసి కోయడానికి కూర్చున్నాడు. దమయంతి సున్నపు నీళ్ళలో చేతులు తెల్లబడేదాకా రుద్దుకుని, గాయాలు కుట్టే వంకర సూది తీసుకొచ్చి కొంచెం దూరంగా కూర్చుంది. ఆమెకి ఎవరూ తోలు ముక్క అందించలేదు. కాసేపటికి అప్పలసామి తల్లి లేచి, కొడుకు కోసిన ముక్కల్లోంచి కొన్ని దోసిట్లో పట్టుకెళ్ళి దమయంతి ఒళ్ళో పోసింది. అప్పలసామి చూసి, మళ్ళీ కోయడంలో పడ్డాడు.

నాలుగో రోజు, ఘాట్

పాత కప్లింగుని గీకి, షాఫ్టుల చివర్లు నిప్పుతో కాల్చి, తోలు పట్టీలు బిగించాం. ముసలివాళ్ళూ పిల్లలూ బస్సులో. మిగతావాళ్ళు ఉత్తకాళ్ళతో వెనక నడక, చేతుల్లో రాళ్ళు. బస్సు వెనక్కి జారితే చక్రాల కింద పెట్టడానికి.

నేను ఇంతకుముందెప్పుడూ ఇంత మెల్లగా బండి నడపలేదు. పాదం యాక్సిలేటరు మీద పెడుతున్నానా లేదా అన్నట్టు పెట్టాను. పట్టీలు బిగుసుకునే చప్పుడు కాళ్ళకింద కిర్రుమంటూ వినిపించేది. బస్సు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని కదిలేది. ప్రతి గుంతలో దిగినప్పుడూ పళ్ళు బిగబట్టి, గేరుబాక్సులో ఏదైనా పగులుతుందేమోనని చెవులు రిక్కించేదాన్ని.

వాన మొదలైంది. తోలు తడిసి సాగింది. కిర్రుమనే చప్పుడు పోయి టపటప కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆగడం, మావ కింద దూరి బోల్టులు బిగించడం, మళ్ళీ కదలడం. ఒక పెద్ద మలుపులో ఎత్తు మీద ఉండగా పట్టీ తెగింది. మోటారు ఒక్కసారిగా ఒట్టినే గిర్రున తిరిగింది, బస్సు వెనక్కి జారింది. బ్రేకు తొక్కాను. ఇనుప చక్రాలు తడి రాతి మీద ఆగకుండా జారుతూనే ఉన్నాయి. అద్దంలో రోడ్డు అంచు కనిపించింది, దాని వెనక ఒట్టి వాన. బస్సులో ఎవరో నా పేరు పిలుస్తున్నారు, మెల్లగా, మళ్ళీ మళ్ళీ. అప్పలసామి పెద్ద బండరాయిని గుండెకి హత్తుకుని పరిగెత్తుకొచ్చి చక్రం వెనక పడేశాడు. బస్సు దానిమీదికి సగం ఎక్కి ఆగింది. రాయి వదలడం ఆలస్యమై అతని ఎడమచేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి.

దమయంతి కట్టు కడుతుంటే అతను చెయ్యి లాక్కోలేదు. మావ కొత్త పట్టీ వేశాడు.

రెండు మలుపులు దాటాక గౌరీసు బస్సు కనిపించింది. రోడ్డు ఓరగా, కొండ వైపుకి ఆగి ఉంది. తలుపు తెరిచే ఉంది. పోయిన వేసవి చూసిన బస్సే నా కళ్ళ ముందుకి వచ్చింది. దిగాలనిపించలేదు. దిగాను. ముందు చక్రానికి ఆనుకుని గౌరీసు కూర్చుని ఉన్నాడు. అతని జనం పక్కన బండ చాటున వానకి ముడుచుకుని ఉన్నారు. అందరూ ప్రాణాలతోనే ఉన్నారు.

"నిన్న మధ్యాన్నానికే జిగురైపోనాది సన్యాసమ్మప్పా. నాయుడు ఆ స్పేరు నాకిచ్చీసినాడు. తన సేత్తోనే బిగించినాడు. అది సాయంత్రానికి కారిపోనాది. గేటు కాడ సెప్పి మనుసుల్ని తెత్తానని ఎల్లినాడు." లేచి మా బస్సుని చూశాడు. "నీకు కప్లింగు నేదు కదా. ఎలగొచ్చినావు?"

చూపించాను. వాళ్ళ ముసలివాళ్ళనీ పిల్లల్నీ మా బస్సులోకి ఎక్కించాం. మా బస్సులో జిగురు తినడానికి ఇంకేమీ మిగల్లేదు, ఎవరు ఎక్కినా ఒకటే. గౌరీసు జనం కూడా తోలు చెప్పులు విప్పి మావ ముందు పోశారు. అందరినీ సర్ది మళ్ళీ బయలుదేరాక అతనన్న మాట నాకు తట్టింది. తన సేత్తోనే బిగించినాడు. పక్కన కూర్చున్న మావ వైపు చూశాను. ఆయనకీ అదే తట్టినట్టుంది.

"నాయుడు గేటు దాటీసుంటాడా?" అన్నాను.

వాన తుడిచే బ్లేడు కూడా రబ్బరుదే, ఎప్పుడో పీకేశాం. మావ అద్దం మీద గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు.

ఐదో రోజు, గేటు

సన్నగెడ్డ గేటుకి పెద్ద చిలకమ్మ. పొడుగాటి వెదురుకర్రతో దూరం నుంచే కప్లింగులు చూస్తుంది. మా బస్సు కింద చూసి కర్ర వెనక్కి తీసుకుంది.

"రబ్బరేదీ?"

"నేదు," అన్నాను. "నాయుడు బస్సెక్కడున్నాది?"

"నిన్న రాత్రొచ్చింది. ఆయన అంతా సెప్పినాడు. కప్లింగు నానే సూసినాను, శుబ్బరంగా ఉన్నాది. పంపు షెడ్డు పక్కన పెట్టించినాను. వానలో బయటుంచడం ఎందుకని."

సన్నగెడ్డ ఊరు రాతి గుట్ట మీద ఉంది. తాగే నీళ్ళు, పొలాల నీళ్ళు అన్నీ కింద పారే గెడ్డ నుంచి పంపు తోడాల్సిందే. ఆ పంపుకీ మోటారుకీ మధ్య కప్లింగు ఉంటుంది. మా బస్సుల్లో ఉండేదాని కంటే పెద్దది.

"చిలకమ్మప్పా, ఆ బస్సుని బయటికి తీయించు. కాల్చీ. మాది కూడా మొదటిరోజు శుబ్బరంగానే ఉన్నాది. గౌరీసు కప్లింగుని నాయుడు సేత్తో ముట్టినాడు."

ఆమె నన్ను చూసింది, నా వెనక ఉత్తకాళ్ళతో నిలబడ్డ జనాన్ని చూసింది. కర్ర గేటుకి ఆనించి, లోపలికి పరుగెత్తింది. అంత వయసు మనిషి అలా పరుగెత్తడం చూసి నా వెనక పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

దొడ్లో

గేటు బయట రాతి ప్రహరీ, పైన రేకులు. మమ్మల్నందరినీ అక్కడే ఉంచారు. నాయుడి బస్సు కాల్చిన పొగ వచ్చిన రోజే నాయుడినీ, ఆయన జనాన్నీ కూడా తెచ్చి మాతో కలిపారు. ఆయన ఒక మూల కూర్చుని గోడ వైపు తిరిగి తింటున్నాడు. గౌరీసు రోజూ ఆయన పక్కకి వెళ్ళి కూర్చుంటున్నాడు.

లోపల పంపు చప్పుడు మాకు వినిపిస్తుంది. దుక్, దుక్, దుక్. మేమిక్కడ అన్నం తింటున్నా, మాట్లాడుకుంటున్నా, చెవులన్నీ దానిమీదే. ఒక దెబ్బ తప్పితే చేతులు ఆగిపోతాయి. మళ్ళీ వినిపిస్తే ఎవరో గట్టిగా ఊపిరి వదులుతారు. నిన్నటి నుంచీ ఆ చప్పుడులో మెత్తటి తట్టు చేరింది. రెండో రోజు నా పాదాల కింద తగిలిందే.

ఇవాళ పొద్దున్న పంపు ఆగిపోయింది.

కాసేపటికి ఊరి వైపు నుంచి జనం రావడం కనిపించింది. చాలామంది. కొందరి భుజాల మీద కర్రలున్నాయి. వాళ్ళ నీళ్ళు పోయాయి, మా వల్లే పోయాయి. అప్పలసామి కట్టు కట్టిన చేత్తోనే తల్లిని గోడ వెనక్కి లాగాడు. ఆడవాళ్ళు పిల్లల్ని మధ్యలోకి తోసి చుట్టూ నిలబడ్డారు. దమయంతి ఒక్కతే గేటు వైపు నడిచింది. "నేను తెచ్చానని చెప్తాను," అంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆపడానికో, నాకు తోడు కావాలనో తెలియదు. ఇద్దరం కలిసే గేటు దాకా వెళ్ళాం. నాయుడు కూడా లేచి మా వెనకాల వచ్చి నిలబడ్డాడు.

ముందు చిలకమ్మ ఉంది. కర్రలనుకున్నవి కావిళ్ళు. గెడ్డకి నీళ్ళకి వెళ్తున్నారు. ఆమె భుజం మీద మాత్రం మడతపెట్టిన గేదె తోలు ఉంది, ఇంకా సున్నం వాసన కొడుతోంది. దాన్ని గేటుకి మా వైపు నేలమీద, మాకు కొంచెం దూరంగా పడేసి వెనక్కి తగ్గింది. కోపంగానే ఉంది మొహం. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీరు ఆ పట్టీలు ఎలగ కోసినారో సూపించండి. మేం ముట్టం. ఇక్కడ నిలబడి సూత్తాం," అంది. "పంపుకి ఎన్ని కావాలో అన్ని తోళ్ళు తెత్తాం."

పైడిరాజు మావ వచ్చి ఆ తోలు ముందు చతికిలబడ్డాడు. అంచు పట్టుకుని మందం చూశాడు. ఆయన కత్తి పెట్టగానే తోలు జారింది. అప్పలసామి పక్కన కూర్చుని మంచి చేత్తో తోలుని అదిమి పట్టుకున్నాడు. గేటుకి అవతల జనం కావిళ్ళు దింపి, ఒకరి భుజాల మీంచి ఒకరు చూస్తూ నిలబడ్డారు.